చెయ్యేసే ముందు చెప్పాల్సిన పేర్లు

“గిల్లిన. ఔ, గిల్లిన. గిల్లితె ఏమైంది, సచ్చిందా?”

“నీ చేతులు పడిపోను! కండ్లు లేని మనిషి తొడ గిల్లుతవానే? అదిగూడ నీ నోటితోని గాదు, ఇంకొకామె నోటితోని!”

“ఎవ్వల నోటితోని గిల్లితె నీకేంది అత్తా? ఆ మిస్రీ నర్సు నీకు చెల్లెనా, వదినెనా?”

“నాకేం గాదు. దాని మొఖం సూస్తెనే నాకు కడుపుల మండుతది. అయినా అది చెయ్యని పని చేసిందంటె నేను ఊకోను.”

“అది నన్ను బర్రె అన్ననాడు ఊకున్నవు గద? ఇంతమంది ఆడోళ్ళ ముంగట నా ముక్కు గుంజిననాడు ఊకున్నవు గద? గట్లనే ఇప్పుడు గూడ ఊకో.”

“రేపు పొద్దుగాల ముసలామె పెద్దబిడ్డ అబుదాబి నుంచి వస్తుంది. వచ్చుడు వచ్చుడే దాన్ని బండెక్కిస్తది. దాని మొగనికి కిడ్నీలు ఖరాబైనయి, దీని జీతం మీదనే పానం పట్టుకొని ఉన్నడు. తెలుసా నీకు?”

“తెలుసు. అందుకే చేసిన.”

ఈ లొల్లి నాకూ నా కోడలికీ అయింది. ఉమ్ అల్ క్వైన్‌లో మేమిద్దరం పని చేసే ఇంటి వెనక బట్టలుతికే గది ఒకటి ఉన్నది, అందులో. నిండకుండ నేను ఏనాడూ మిషన్ తిప్పను. కరెంటు షేక్‌దైనా, మనదైనా కరెంటే. ఆ సాయంత్రం మాత్రం రెండు దుప్పట్లేసి తిప్పిన, మా గొంతులు బయటికి పోవద్దని.

గిల్లుడుకూ నోటికీ ఏం సంబంధమో తెలియాలంటే ముందు ఆ ఇంటి పద్ధతి చెప్పాలి.

ఆ ఇంటికి పెద్ద ఒక ముసలమ్మ. పిల్లలు, పెద్దలు అందరూ ఆమెను యద్దూ అంటరు, వాళ్ళ మాటలో నాయనమ్మ అన్నట్టు. మేమూ అట్లనే పిలుస్తం. చక్కెర రోగం ఆమె కండ్లు తిన్నది. కండ్లు పోయిన కొత్తలో ఒక పనిమనిషి వెనక నుంచి వచ్చి, చెప్పకుండ చేయకుండ చంకల్లో చేతులు పెట్టి లేపింది. యద్దూ జడుసుకొని గుంజుకున్నది, పడ్డది. తుంటి బొక్క ఇరిగింది.

దవాఖానలో నేనే తోడున్న. అక్కడ కోస్తా దిక్కు తెలుగు నర్సమ్మ ఒకామె ఉండె. “తుంటి బొక్క ఇరిగిందమ్మా” అంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. వాళ్ళ దిక్కు బొక్క అంటే చిల్లట, మా దిక్కు లెక్క ఎముక కాదట. “ముసలామె నొప్పికి ఒర్లుతుంటె నీకు నవ్వెట్ల వస్తుంది?” అని మొఖం మీదనే అడిగిన. ఆమె మళ్ళీ నా దిక్కు చూడలేదు. ఒక్క తెలుగులోనే ఇట్లుంటే, ఇన్ని దేశాల అరబ్బోళ్ళు ఒక్క తీరు ఎట్ల మాట్లాడుతరని నాకు అప్పుడు తోచింది. మాట్లాడరు. ఆ సంగతి యద్దూ మంచం కాడ ఇంకా బాగా తెలిసింది.

ఆ పడుడు పడ్డప్పటి నుంచి యద్దూ ఒక చట్టం పెట్టింది. ఆమె ఒంటి మీద చెయ్యేసే ముందు, ఎక్కడ వేస్తున్నమో ఆ పేరు చెప్పాలి. కాలు లేపాలంటే కాలు అని, మొఖం తుడవాలంటే మొఖం అని. అది కూడ ఎవరి మాటలో వాళ్ళే చెప్పాలి. చెవులు కూడ మందమైనయి ఆమెకు, గొంతులు సరిగ్గ ఆనవు. మాటను బట్టి మనిషిని గుర్తు పడ్తనన్నది. పేరు చెప్పకుండ చెయ్యేస్తే పక్కన కర్ర ఉంటది. చూపు లేకపోయినా ఆ కర్ర గురి తప్పదు. నాకొకసారి మోచేతి మీద తగిలి శానా దినాలు పిండి పిసకలేకపోయిన.

నన్ను మాత్రం తెలుగులోనే చెప్పుమన్నది. “మీ మాట డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటది, వాకిట్లో నుంచే తెలుస్తది” అన్నది. మెచ్చుకున్నదో ఎక్కిరించిందో నేను అడగలేదు. నేను “కాలు” అంటే కాలు లేపుతది. “నెత్తి” అంటే తల వంచుతది. “పండ్లు” అంటే నోట్లో నుంచి పండ్ల సెట్టు తీసి చేతిలో పెడ్తది. చదువు నాకు రెండో తరగతి కాడనే ఆగింది. ఆమెకు అంత కూడ లేదు. మా ఇద్దరికీ ఆ మాటలు సరిపోయినయి.

మందులు, సూదులు చూసేందుకు మిస్ర్ దేశం నుంచి వచ్చిన నర్సు ఉండె. మిస్ర్ అంటే ఈజిప్టు. ఆమె కాలును రిగ్ల్ అంటది, ముక్కును మనాఖీర్, నోటిని బొ, మొఖాన్ని వెష్, చెవిని వెద్న్ అంటది. యద్దూ వాళ్ళు కాలును రీల్ అంటరు, ముక్కును ఖషమ్, నోటిని హల్జ్, మొఖాన్ని వేహ్ అంటరు. డ్రైవరుది సూడాన్. అతని దేశంలో ఖషుమ్ అంటే నోరు. ఒకనాడు పన్ను నొప్పితో దవడ వాచి వచ్చి, ఖషుమ్ నొస్తున్నదని చెప్పుకున్నడు. యద్దూకు అతని మాట తెలియక కాదు. “సూడానోళ్ళు ముక్కుతోని తింటరు, అందుకే నొస్తది” అని అతన్ని అట్లనే నిలబెట్టి, వచ్చిన చుట్టాలందరికీ ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించి, అందరూ నవ్వుడు అయినంకనే దవాఖానకు పంపింది. కన్నుకూ చేతికీ మాత్రం అందరిదీ ఇంచుమించు ఒకటే మాట, ఐన్, ఈద్ అంటరు. మనిషికి ముక్కు ఒక్కటే ఉంటది. దానికి ఇన్ని పేర్లు పెట్టుడు దండుగ ఖర్చు లెక్క అనిపిస్తది నాకు. కాని ఆ ఇంట్లో ఆ పేర్ల మీదనే మా బతుకులు నడిచినయి.

కరోనా తగ్గి విమానాలు మళ్ళీ తిరుగుతుంటే వీసా ఇచ్చే యజమానిని, కఫీల్‌ను, బతిమాలి నా కోడలికి వీసా తీయించిన. మనుమడు, మనుమరాలు నా కొడుకు దగ్గర ఊర్లో ఉన్నరు. కోడలు వచ్చిన మొదటి రోజే యద్దూ చెప్పింది, “ఇద్దరు తెలుగే చెప్తే నాకు ఎవరెవరో ఎట్ల తెలుస్తది? కొత్తది మా మాట నేర్చుకోవాలె.” నేర్పుడు కర్రతోనే. మోకాలు మీద కర్ర పెట్టి ఇదేంది అంటది. రాకపోతే అక్కడనే ఒక్కటి తగుల్తది. కోడలి ఒంటి మీద ఏ మచ్చ ఏ మాటదో చూసి చెప్పేటట్టు ఉండె.

కర్ర అయినా ఓర్చుకున్నది గాని, నర్సును ఓర్చుకోలేదు. నర్సుకు ఇది ఆట అయింది. మధ్యాహ్నం ఖహ్వా, అంటే వాళ్ళ కాఫీ, తాగే యాళ్ళకు చుట్టపు ఆడోళ్ళు వచ్చి కూర్చుంటరు. కోడలు దల్లా కూజా పట్టుకొని కప్పుల్లో పోస్తుంటే, నర్సు దగ్గరికి పిలిచి చెవి పట్టుకొని “ఇదేంది?” అంటది. కోడలు తడబడ్తది. “గామూసా!” అంటది నర్సు. గామూసా అంటే బర్రె. ఆడోళ్ళు నవ్వుతరు. ఒకనాడు ముక్కు పట్టుకొని గుంజింది. కోడలికి ముక్కుపుల్ల ఉన్నది. నెత్తురొచ్చింది. ఖహ్వా కప్పులో ఒక్క చుక్క పడ్డది. ఆ కప్పు పారబోసి కడుక్కరమ్మన్నది నర్సు, అంతే.

వంటింట్లో ఏడుస్తుంటే నేను చెప్పిన, “పసుపు పెట్టుకో. నేర్చుకుంటె గుంజదు.”

“నేర్చుకుంట అత్తా” అన్నది. అట్ల నేర్చుకుంటదని నేను అనుకోలేదు.

కొన్ని నెలల్లో నా కోడలికి అన్నీ వచ్చినయి. యద్దూ మాట వచ్చింది, నర్సు మాట వచ్చింది, డ్రైవరు మాట వచ్చింది. టీవీలో షామ్ దేశపోళ్ళ, అంటే సిరియా దిక్కోళ్ళ, సీరియల్ చూసి వాళ్ళది కూడ పట్టుకున్నది. వాళ్ళు కాలును ఇజ్ర్ అంటరు, నోటిని తిమ్ అంటరు. వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ ఒక్క ముక్కును నాలుగు దేశాల్లో చీదుతున్నట్టు చేసి చూపించేది. నర్సు లెక్క నడుము మీద చెయ్యి పెట్టి, గొంతు మందం చేసి, “వెష్షిక్ యా హగ్గా” అనేది, నీ మొఖం హాజమ్మా అని. అచ్చం నర్సే వచ్చి నిలబడ్డట్టు ఉండేది. నాక్కూడ నవ్వొచ్చేది. ఇంత తెలివి బడిలో పెట్టి ఉంటే ఎక్కడికి పోయేదో అనుకున్న.

నర్సు గురించి ఒక్క మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. దాని నోరు చేదు, చెయ్యి మాత్రం మెత్తన. యద్దూకు సూది వేస్తే ముసలామె కనురెప్ప కదలదు. పుండు కడిగితే ఒర్లదు. అయినా యద్దూకు ఆమె గిట్టదు, ఎందుకంటే నర్సు ఖర్జూరాల డబ్బాకు తాళం వేసింది. చక్కెర పెరిగితే కాలు తీసేస్తరని డాక్టరు అన్నడు. “నా తోట చెట్ల పండ్లు నా ఇంట్లో నేను తినొద్దా?” అని యద్దూ తిట్టిపోసేది. అబుదాబిలో ఉన్న పెద్దబిడ్డకు ఫోన్ చేసి నర్సును తీసెయ్యమనేది. బిడ్డ వినకపోయేది.

అట్లుండగ యద్దూ తొడ మీద, రెట్ట మీద నల్లగ కమిలిన మచ్చలు కనబడ్డయి. ఎవరు చేసిండ్రంటే “మిస్రీది గిల్లుతున్నది, రిగ్లిక్ అంటది, గిల్లుతది” అన్నది. రిగ్లిక్ అంటే నర్సు మాటలో నీ కాలు. బిడ్డకు ఫోన్ చేసి అదే చెప్పింది. ఈసారి బిడ్డ విన్నది. రేపు పొద్దుగాల వస్తున్న, ఆమె సామాను సర్దిపెట్టుమనుండ్రి అన్నది.

నర్సు వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడ్డది. ఎన్నడూ నా ముందు కూర్చోని మనిషి. “నా చేతులు చూడు” అన్నది, “ఈ చేతులతో నేను ముసలోళ్ళను గిల్లుతనా?” మొగని సంగతి అప్పుడే చెప్పింది. వారానికి ఇన్నిసార్లని రక్తం కడిగిస్తరట, ఒక్కటి తప్పితే మనిషి ఉబ్బిపోతడట. ఇక్కడ ఉద్యోగం పోతే ఆ కడుగుడు ఆగుతదన్నది. నేను పొద్దటి చాయ్‌పత్తాలోనే ఇంకొన్ని నీళ్ళు పోసి మరగబెట్టి ఇచ్చిన. ఆమె తాగింది. నేను ఓదార్చలేదు. గిల్లిందనే అనుకున్న.

ఆ సాయంత్రమే మందుల కోసం డ్రైవరు ఆమెను ఫార్మసీకి తీసుకుపోయిండు. బండి గేటు దాటిపోవుడు నేను చూసిన. మడత పెట్టిన తువ్వాళ్ళు పట్టుకొని యద్దూ గది ముందుకు వచ్చిన. లోపట నుంచి “రిగ్లిక్ యా హగ్గా” అని నర్సు గొంతు వినబడ్డది.

తలుపు సందులో నుంచి చూసిన. నా కోడలు వంగి ఉన్నది. రెండు వేళ్ళతో ముసలామె తొడ పట్టి, తాళంచెవి తిప్పినట్టు తిప్పింది. యద్దూ పెదవులు బిగపట్టింది. గుడ్డి కండ్లల్లో నుంచి నీళ్ళు కారినయి. కోడలు తువ్వాల అంచుతో ఆ నీళ్ళు తుడిచింది. తుడిచే ముందు కూడ పేరు చెప్పింది, నర్సు మాటలోనే, “వెష్షిక్.”

తువ్వాళ్ళు అక్కడనే కింద పెట్టి, కోడలి జబ్బ పట్టి, బట్టల గదికి గుంజుకపోయిన. అక్కడ అయిన లొల్లి మొదట్లో చెప్పినదే. మిగిలింది ఇది.

“రేపు నేనే చెప్త, నువ్వే చేసినవని” అన్న.

“చెప్పు. నన్ను ఇంటికి తోలుతరు. నీ కొడుకు సంసారం నీ నోటితోనే కూల్చుకో.”

“కూలితె కూలనీ. గిల్లి సంపాదించిన బువ్వ నా మనుమలు తినొద్దు.”

“కర్ర దెబ్బలు తిని సంపాదించింది తినొచ్చా? ముక్కు గుంజిపిచ్చుకొని సంపాదించింది తినొచ్చా? నువ్వు మంచిదానివే అత్తా. నొచ్చేది నీకు గాకపోతె నువ్వు శానా మంచిదానివి.”

నేను కొట్టిన. చెంప మీద. ఆమె చెంప పట్టుకోలేదు. యద్దూ మాటలో, నర్సు మాటలో, షామ్ మాటలో చెంపను ఏమంటరో వరుసపెట్టి చెప్పింది. చెప్పి, మిషన్ ఆపి, దుప్పట్లు తీసుకొని ఆరెయ్య పోయింది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయినంక నేను యద్దూ గదికి పోయిన. “కాలు” అని చెప్పి, పాదం మీద చెయ్యేసి, మంచం కింద కూర్చున్న. నాకు వచ్చిన అరబ్బీలో ఉన్నదంతా చెప్పిన. గిల్లింది నర్సు కాదు, నా కోడలు. నర్సు బయటికి పోయిన యాళ్ళ చూసి, ఆమె మాట తీసుకొని గిల్లుతున్నది. నా కండ్లతో చూసిన.

యద్దూ తస్బీ పూసలు తిప్పుడు ఆపింది. నవ్వింది.

“కండ్లు పోయినయి గాని నా తోలు పోయిందా? మిస్రీదాని చేతులు పిల్లి పాదాల లెక్క ఉంటయి. నీ కోడలి చేతులు గిన్నెలు తోమి ఇసుక కాగితమైనయి. మొదటి గిల్లుకే తెలిసింది నాకు.”

“తెలిసి ఎందుకు ఊకున్నవు యద్దూ?”

“నా ఖర్జూరాలకు తాళం వేసినదాన్ని తీసెయ్యమంటే నా బిడ్డ వినలేదు. గిల్లిందంటే విన్నది. నీ కోడలు నా పని చేసి పెడ్తుంటే నేను ఎందుకు ఆపుత? నాలుగు మచ్చలకు ఆ పని అయితే అగ్గువనే.”

“ఆమె మొగనికి పానం మీదికి వచ్చింది.”

“అందరి మొగుళ్ళు పోతరు. నావోడు పోలేదా? నీవోడు పోలేదా?”

“పొద్దుగాల నేను చెప్త మీ బిడ్డకు.”

“చెప్పు” అన్నది, మళ్ళీ తస్బీ తిప్పుకుంటూ. “నేను ఆపుతనా? చెప్పు, యల్లా, కానియ్యి.”

తెల్లారి పెద్దబిడ్డ వచ్చింది. చెప్పులు కూడ విడవకుండ తల్లి గదికి పోయింది. మమ్మల్ని ముగ్గురినీ గోడకు నిలబెట్టింది. యద్దూ దుప్పటి తీసి తొడ చూపించింది, చెయ్యెత్తి నర్సు ఉన్న దిక్కు చూపించింది. “రిగ్లిక్ అన్నది, గిల్లింది” అని అదే మాట చెప్పింది. నర్సు తన పిల్లల కండ్ల మీద ఒట్టు పెట్టింది. పెద్దబిడ్డ ఆ ఒట్టు వినకుండ ఫోన్ చూసుకున్నది.

నేను ముందుకు వచ్చిన. “మదాం, గిల్లింది ఆమె కాదు. నా కోడలు. నేను చూసిన” అన్న.

నా కోడలు తల దించుకొని ఏడ్వబట్టింది. ఏడుపు మంచిగ ఏడ్చింది.

యద్దూ అన్నది, “విన్నవా బిడ్డా? నీ అత్త నీ మీద ఏమేం చెప్పేదో యాదికి ఉన్నదా నీకు?”

పెద్దబిడ్డ ముందు నన్ను చూసింది, తర్వాత ఏడుస్తున్న నా కోడలిని చూసింది. నవ్వింది. “అన్ని దేశాల్లో ఒకటే” అన్నది. నా భుజం మీద చెయ్యేసి, “ముసలిదానివైనవు, కోడలి మీద ఇంత కోపం మంచిది కాదు” అని చెప్పింది. నేను మళ్ళీ చెప్పిన. కోడలిని నర్సు లెక్క మాట్లాడుమనుండ్రి, మీకే తెలుస్తదన్న. కోడలికి పెద్దబిడ్డ చెప్పింది, మాట్లాడుమని. కోడలు ముక్కు చీదుకొని, వచ్చిన మొదటి రోజు లెక్క తడబడుకుంటూ “రీల్” అన్నది, అది కూడ సగమే. పెద్దబిడ్డ చేతులు దులుపుకున్నది. “ఖలాస్” అన్నది.

నర్సు సామాను ఒక్క సూట్‌కేసు, ఒక ప్లాస్టిక్ సంచి. సూట్‌కేసు చక్రం ఇరిగి ఉండె, నేనూ ఒక దిక్కు పట్టి గేటు దాకా మోసిన. బండి ఎక్కే ముందు ఆమె నా చెయ్యి తోసేసింది.

“ఆ గామూసాకు అంత తెలివి లేదు” అన్నది. “నా మాట ఎత్తుకునే తెలివి ఈ ఇంట్లో నీకొక్కదానికే ఉన్నది. నువ్వే చేసి, దాని మీద పెట్టినవు.”

డ్రైవరు బండి తీసిండు. నేను గేటు వేసి లోపలికి వచ్చిన.

పొద్దటి చక్కెర సూది ఇంకా వెయ్యలేదు. కొత్త నర్సు దొరికేదాకా ఎవరు వేస్తరని పెద్దబిడ్డ అడిగితే, యద్దూ నా కోడలి దిక్కు చెయ్యి చాపింది. పెద్దబిడ్డ చూపించింది, కడుపు మీది తోలును రెండు వేళ్ళతో పట్టాలె, పేరు చెప్పాలె, సూది దించాలె అని. నా కోడలు కండ్లు తుడుచుకొని, చేతులు కడుక్కొని వచ్చి మంచం మీద వంగింది. ఒక్కసారి చూపెడితే నేర్చుకున్నది.